మడ అడవిలో ఆఖరి పాయ

ఒగినో పోయింది సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే. అందరికంటే వెనక, తొడల లోతు నీళ్ళలో, తుపాకీని రెండు చేతులతో తలపైకి ఎత్తి పట్టుకుని వస్తున్నాడు. ముందు నడుస్తున్నవాళ్ళకి చప్పుడొకటి వినిపించింది, తడిబట్టని బండమీద కొట్టినట్టు. తిరిగి చూసేసరికి నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. మనిషి లేడు. అరుపు కూడా లేదు. కాసేపటికి పాయ మధ్యలో మొసలి వీపు ఒకసారి తేలి, మళ్ళీ మునిగింది.

"నడవండి," అన్నాడు సార్జెంట్ మొమొసె.

నడిచారు. ఏడవడానికి ఎవరి ఒంట్లోనూ తడి లేదు.

రామ్రీ ద్వీపం జపాను సైన్యం చేతిలోంచి జారిపోయింది. ఊళ్ళూ కొండలూ ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కాయి. మిగిలినవాళ్ళంతా తూర్పున ఉన్న మడ అడవి దాటి, దాని అవతలి పెద్ద కాలవ కూడా దాటి, బర్మా నేల చేరుకోవాలని ఆజ్ఞ. ఆజ్ఞ ఇచ్చినవాళ్ళు మడ అడవిని పటంలో చూశారు. పటంలో అది ఆకుపచ్చగా ఉంటుంది.

అడవిలో కాలు పెట్టినప్పుడు ఆ దళంలో చాలామందే ఉన్నారు. కొందరు దారి తప్పారు, కొందరు జ్వరంతో కూర్చున్నచోటే ఉండిపోయారు. ఒగినో పోయాక నలుగురు మిగిలారు. మొమొసె నలభై దాటినవాడు, తంబా కొండల దగ్గర తోఫు అనే సోయా జున్ను అమ్మే అంగడి నడిపినవాడు. రెండోసారి పట్టుకొచ్చి సైన్యంలో వేశారు. హిరుమా ఒసాకా దగ్గర వీధుల్లో కావడి మోస్తూ బంగారు చేపలమ్మేవాడు. నోటికి మూత లేదు. కుజిరాయి కీ అనే చోట కొండల్లో బొగ్గులు కాల్చేవాడు. మాట తక్కువ, ఈత అసలే రాదు. నాలుగోవాడు లెఫ్టినెంట్ సెగావా. చదువు మధ్యలో ఆపించి పంపిన ఇరవైనాలుగేళ్ళ కుర్రాడు. తొడలో తూటా దిగి ఎముక విరిగింది. వానకోటుని రెండు వెదురు బొంగులకి జోలెలా కట్టి, అందులో వేసి మోస్తున్నారు.

బురద తొడలదాకా దిగిపోయేది. ఒక కాలు పీకేలోగా రెండోది దిగేది. బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన వేర్లు బూట్ల అడుగులు చీల్చేశాయి. చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు. ఉప్పునీళ్ళు తాగినవాళ్ళు ఏమయ్యారో చూశారు కాబట్టి అందరూ పొద్దున్నే ఆకుల మీది మంచు నాకేవాళ్ళు. సీసాలో అడుగున మిగిలిన మంచినీళ్ళు మాత్రం లెఫ్టినెంటుకే. జ్వరంగా ఉన్నవాడికి ఇవ్వాలని సార్జెంటు మాట.

ఒగినో పోయిన మర్నాటి ఉదయం మడచెట్ల అవతల పడవ ఇంజను చప్పుడు వినిపించింది. తర్వాత లౌడుస్పీకరు గొట్టంలోంచి గొంతు. మంచి జపాను భాష, టోక్యో యాస.

"సైనికులారా, మీరు బాగా పోరాడారు. ఇక చాలు. ఇక్కడ అన్నం ఉంది. మంచినీళ్ళున్నాయి. వైద్యులున్నారు. తెల్లగుడ్డ ఊపుతూ ఒడ్డుకి రండి."

మొమొసె ఆగి వెనక్కి తిరిగాడు. "ఎవడైనా ఆవైపు తల తిప్పాడంటే నేనే కాల్చేస్తా."

"తిప్పడానికి ఓపికేదీ సార్జెంట్ గారూ?" అన్నాడు హిరుమా. "అయినా తెల్లగుడ్డట! మన గోచీలు ఊపితే ఆ కంపుకి వాళ్ళే వచ్చి లొంగిపోతారు."

జోలెలోంచి లెఫ్టినెంటు నవ్వాడు. ఆ నవ్వుకి కాలు కదిలి, మూలిగాడు.

"నోరు మూసుకుని మొయ్," అన్నాడు మొమొసె. కానీ ఆ గొంతులో కోపం లేదు. కోపానికి కూడా బలం కావాలి.

పొద్దెక్కేకొద్దీ పోటు వచ్చింది. నీరు చప్పుడు లేకుండా వేర్ల మధ్యకి పాకి, మోకాళ్ళు దాటి, నడుముకి వచ్చింది. లావుపాటి మడచెట్టు ఒకటి చూసి, లెఫ్టినెంటుని అందరూ కలిసి పైకి తోసి, కొమ్మల పంగలో కూర్చోబెట్టి, తమ కాళ్ళకి చుట్టుకున్న గుడ్డపట్టీలు విప్పి మానుకి కట్టేశారు. తామూ కొమ్మలెక్కి కూర్చున్నారు. కింద నీళ్ళు మట్టిరంగులో నిలిచిపోయాయి.

మొసలి వచ్చింది. మొదట కుజిరాయి దాన్ని దుంగనుకున్నాడు. దుంగ ప్రవాహానికి ఎదురొచ్చి, చెట్టు కింద ఆగింది. కళ్ళు, ముక్కు కొస, అంతే కనిపిస్తున్నాయి. లెఫ్టినెంటు కట్టులోంచి చీమూ నెత్తురూ కారి, చుక్కా చుక్కా నీళ్ళలో పడుతున్నాయి.

"వీడికి మన అడ్రసు ఎవరిచ్చారంటావ్?" అన్నాడు హిరుమా మెల్లిగా.

"నేనే," అన్నాడు లెఫ్టినెంటు.

దోమలు ముసురుతున్నాయి. వాటిని తోలడం ఎప్పుడో మానేశారు.

"సార్జెంట్ గారూ," అన్నాడు లెఫ్టినెంటు. "నీరు వెనక్కి తీశాక మీరు ముగ్గురూ వెళ్ళండి. నన్ను ఇక్కడే ఉంచండి. నా దగ్గర పిస్తోలు ఉంది కదా. ఈ కాలు వాసనకి అవి వెంటే వస్తాయి. ఒగినో దగ్గరికి వచ్చింది కూడా నా వాసనకే."

"అది మీకెలా తెలుసు? మొసలి వచ్చి చెప్పిందా?"

"నేను ఆజ్ఞ ఇస్తున్నాను."

మొమొసె ఆకొకటి తుంచి నమిలి ఉమ్మేశాడు. "లెఫ్టినెంట్ గారూ, కోపం తెచ్చుకోకండి. నాకు మిమ్మల్ని దించేయాలని నిన్నటినుంచీ ఉంది. భుజాలు పుండ్లు పడ్డాయి. కానీ మిమ్మల్ని దించానంటే ఆ సుఖం నాకు అలవాటవుతుంది. రేపు వీడికి జ్వరమొస్తుంది, వీణ్ణి దించుతా. ఎల్లుండి వాణ్ణి. చివరికి ఒక్కణ్ణే ఒడ్డెక్కి ఏం చెయ్యను? తోఫు చేసుకోనా?"

"నాకు మాత్రం జ్వరం రాదులెండి," అన్నాడు హిరుమా. "నా నెత్తురు తాగిన దోమలకే వస్తుంది."

కుజిరాయి మొసలి కళ్ళకేసే చూస్తున్నాడు. వాటిలో ఆకలి గానీ కోపం గానీ కనిపించలేదు. తొందర కూడా లేదు. దానికి కావలసినంత సమయం ఉంది. అది చూసేసరికి అతనికి ఒళ్ళంతా నీరసం కమ్ముకొచ్చింది. కిందకి దిగి ఆ నీళ్ళలో పడుకుంటే బాగుండునని ఒక క్షణం నిజంగానే అనిపించింది. పక్క కొమ్మమీది హిరుమా అది పసిగట్టినట్టు అతని చొక్కా పట్టుకున్నాడు. "ఒరే కుజిరాయీ, నిద్రొస్తే నా భుజంమీద వాలు. కిందకి చూడకు."

మధ్యాహ్నం దాటాక నీరు తీయడం మొదలైంది. మొసలి మెల్లిగా తిరిగి, చెట్ల మధ్యనుంచి పాయవైపు జారిపోయింది. వీళ్ళూ పోవలసింది అటే. అది ఆఖరి పాయ. దాని అవతల సన్నటి బురద ఒడ్డు, ఆ ఒడ్డు తర్వాత పెద్ద కాలవ.

చాలాసేపు చూశారు. మొసలి జాడ లేదు. ఇంకా ఆలస్యం చేస్తే పడవవాళ్ళు గస్తీకి తిరిగొస్తారని మొమొసె అన్నాడు. జోలె బొంగుల్ని కుజిరాయి ముందు, హిరుమా వెనక, భుజాలకెత్తుకున్నారు. మొమొసె నీటి వాలువైపు తుపాకీ పట్టుకుని నడిచాడు. నీరు నడుము దాటలేదు. అడుగున బురద మాత్రం వెన్నలా జారుతోంది.

ఇంకో నాలుగడుగులు వేస్తే ఒడ్డనగా మొమొసె కాలు జారింది. పడిపోకుండా కుడిచేయి నీళ్ళలోకి పెట్టాడు. ఆ చేయి మళ్ళీ పైకి రాలేదు.

"పట్టింది," అన్నాడు. అరవలేదు. ఎవరికో కబురు చెప్పినట్టు అన్నాడు. మరుక్షణం మొహం నీళ్ళలోకి పోయింది.

కుజిరాయి బొంగులు వదిలేశాడు. లెఫ్టినెంటు జోలెతో సహా ఒడ్డు దగ్గరి బురదలో పడ్డాడు. ఏం చేస్తున్నాడో కుజిరాయికే తెలియదు. ఎగిరి మొమొసె నడుం బెల్టుని వెనకనుంచి రెండు చేతులతో పట్టుకున్నాడు. నీళ్ళకింద ఏదో వేరు కాలికి తగిలితే దాంట్లో పాదం ఇరికించాడు. అవతలనుంచి లాగుతున్నది ఎద్దుల జత లాగినట్టు లాగుతోంది. నీళ్ళు నోట్లోకీ ముక్కులోకీ పోతున్నాయి. వేరులో ఇరికిన కాలు మెలి తిరిగింది. వదల్లేదు.

హిరుమా తుపాకీ కొసని ఉన్న బాకు పీకి, పిచ్చివాడిలా నీళ్ళలో పొడవసాగాడు. "ఎక్కడ్రా నీ తల! ఎక్కడ!" ఒక పోటు దేనిలోనో దిగబడింది. మొసలి ఒక్కసారి మెలి తిరిగింది. తెల్లటి పొట్ట పైకి కనిపించింది. ఎండుకొమ్మ విరిగిన చప్పుడైంది. లాగుడు ఆగిపోయింది. కుజిరాయి, మొమొసె ఒకరిమీద ఒకరు వెనక్కి పడ్డారు.

ముగ్గురూ పాకుతూ ఒడ్డుకి చేరాక చూస్తే మొమొసె కుడిచేయి మోచేతి కింద లేదు.

హిరుమా తన కాళ్ళపట్టీతో మోచేతిపైన గట్టిగా బిగించి, మధ్యలో పుల్ల పెట్టి మెలేశాడు. నెత్తురు తగ్గింది, ఆగలేదు. మొమొసెకి స్పృహ తప్పింది. బురదలో పడ్డ లెఫ్టినెంటుని కుజిరాయి చంకల కింద చేతులేసి మీదికి లాగాడు. అతని విరిగిన కాలు ఇంకాస్త విరిగింది. పళ్ళు బిగబట్టి మొమొసెకేసే చూస్తున్నాడు. వాళ్ళు దాటొచ్చిన పాయలో ఇప్పుడు ఒక వీపు కాదు, నాలుగైదు తేలుతున్నాయి.

ఇప్పుడు మోయాల్సినవాళ్ళు ఇద్దరు. మోసేవాళ్ళూ ఇద్దరే. ఎదురుగా కాలవ, అవతలి ఒడ్డు మబ్బుగీతలా ఉంది. కుజిరాయికి ఈత రాదు. కూర్చున్నారంతే.

కాలవ మలుపులో ఇంజను చప్పుడు మొదలైంది.

"పడవని పిలవండి," అన్నాడు లెఫ్టినెంటు.

హిరుమా అతనికేసి చూశాడు. "ఏమన్నారు?"

"విన్నావుగా. సార్జెంట్ గారు రాత్రిదాకా బతకరు. పిలవండి. ఇది నా ఆజ్ఞ. తప్పు నాది. మీరెవరూ దీనికి జవాబు చెప్పక్కర్లేదు."

"సార్జెంట్ గారికి తెలివొస్తే మనందరినీ ఎడంచేత్తో కాలుస్తారు."

"కాల్చనీ. కాల్చేటంత ఓపిక వస్తే మంచిదే."

కుజిరాయి లేచి నిలబడి నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఎండిన నాలుక అంగిటికి అంటుకుపోయింది. మళ్ళీ ప్రయత్నించాడు. కప్పకంటే చిన్న గొంతు. పడవ మలుపు దాటి ముందుకి పోతోంది.

"నన్ను కూర్చోబెట్టు," అన్నాడు లెఫ్టినెంటు. "మీ నీళ్ళు తాగింది నేనేగా."

కుజిరాయి అతన్ని ఒళ్ళో ఆనించుకుని కూర్చోబెట్టాడు. లెఫ్టినెంటు గట్టిగా ఊపిరి పీల్చి అరిచాడు. ఆ బక్కప్రాణంలోంచి అంత కేక వస్తుందని ఎవరూ అనుకోలేదు. "ఓయ్! ఇటు! ఇక్కడ గాయపడ్డవాళ్ళున్నారు!" మళ్ళీ మళ్ళీ అరిచాడు. ఇంజను చప్పుడు తగ్గింది.

హిరుమా అప్పటికే లేచి బురద దులుపుకుంటున్నాడు.

"ఎక్కడికి, అన్నా?" అన్నాడు కుజిరాయి. గుసగుసలాగే వచ్చింది.

"నేను రాలేనురా."

"నీళ్ళిస్తారు. అన్నం పెడతారు."

"తెలుసు. నోరూరుతోంది కూడా." హిరుమా నవ్వబోయాడు, కుదరలేదు. "నువ్వు కొండల్లో ఉంటావు, నీ ఇంటికి నక్క కూడా రాదు. మాది ఇరుకు సందురా. ఎదురింట్లో తుమ్మితే మా ఇంట్లో దీర్ఘాయుష్షు అంటాం. మొగుడు శత్రువుకి పట్టుబడి బతికున్నాడని తెలిస్తే మా ఆవిడ బావి దగ్గరికెళ్ళి నీళ్ళు తోడుకోగలదా? మా అమ్మని పలకరిస్తారా ఎవరైనా? చచ్చానంటే నా పేరు చెప్పుకుని పిల్లకి ఇంత పెడతారు."

"చీకటి పడ్డాక ఈదుతావా? వాటి మధ్యన?"

"నాకు ఈత బాగానే వచ్చు. చేపలోడిని కదా." చెట్లవైపు రెండడుగులు వేసి ఆగాడు. "పేర్లు అడుగుతారు. నా సంగతి అడిగితే మొసలి తినేసిందని చెప్పు. కొంచెం వీరంగా చెప్పు. దాని కన్ను పొడిచాకే పోయాడను. అది సగం నిజమే."

లెఫ్టినెంటు అతన్ని ఆపలేదు. చేయి కొంచెం ఎత్తాడు. హిరుమా వంగి దణ్ణం పెట్టి, వేర్ల మధ్యకి దూరిపోయాడు. ఎంత వాగుడుకాయో అంత నిశ్శబ్దంగా పోయాడు. ఆకు కూడా కదల్లేదు.

పడవ ఒడ్డుకి వచ్చింది. తుపాకులు గురిపెట్టిన నావికులు నల్లటివాళ్ళు, ఇండియావాళ్ళు. ఒకడు బురదలోకి దూకి, మొమొసె చేయి చూసి ముఖం చిట్లించాడు. తన భాషలో ఏదో అంటూ ముగ్గురినీ పడవలోకి చేర్చాడు. కుజిరాయి చేతికి రేకుగ్లాసులో నీళ్ళిచ్చి, గబగబా తాగకుండా గ్లాసు అంచుకి తన వేళ్ళు అడ్డం పెట్టాడు. ఆ నీళ్ళకి పెట్రోలు వాసన. కుజిరాయి సగం తాగి, మిగతా సగం లెఫ్టినెంటు నోటికి అందించి, పడవ చెక్కలమీద కూర్చున్నచోటే ఒరిగి నిద్రపోయాడు.

టోక్యో యాసవాడు పేర్లు రాసుకోవడానికి లేపినప్పుడు, హిరుమా చెప్పమన్నట్టే చెప్పాడు. వీరంగా చెప్పడం మాత్రం చేతకాలేదు. "తినేసింది," అన్నాడంతే. ఆ మనిషి తల ఊపి, రాసుకుని, మళ్ళీ పడుకోమన్నాడు.

లెఫ్టినెంటు సెగావా ఆస్పత్రి గుడారం చేరాక కాలు తీసేయబోతుండగా పోయాడు. మొమొసె బతికాడు.

తెలివొచ్చి తానెక్కడున్నాడో తెలిశాక మొమొసె గుడారం గోడవైపు తిరిగి పడుకున్నాడు. గంజి తెస్తే తాగలేదు. కట్టు మార్చడానికొస్తే చేయి లాక్కున్నాడు. వేరులో ఇరికిన కాలు వాచి కుజిరాయి కూడా పక్క మంచంమీదే ఉన్నాడు. కుంటుకుంటూ లేచి చెంచాతో గంజి పట్టబోతే ఎడంచేత్తో కొట్టాడు. గంజి దుప్పటిమీద పడింది. కుజిరాయి తుడిచాడు. మర్నాడూ అంతే.

చివరికి ఓ ఉదయం గోడవైపు తిరిగే అడిగాడు. "పడవని ఎవడు పిలిచాడు?"

"లెఫ్టినెంట్ గారు."

"అబద్ధం."

"ఆయనేనండీ. నేనే పిలవబోయాను. గొంతు రాలేదు."

"నన్నెందుకు పట్టుకున్నావురా? వదిలేస్తే పోయేది కదా. ఎవరికీ బరువుండేది కాదు."

కుజిరాయి తన వేళ్ళకేసి చూసుకున్నాడు. "వదలడానికి వేళ్ళు రాలేదండీ. బిగుసుకుపోయాయి. ఒడ్డుకొచ్చాక హిరుమా అన్న ఒక్కో వేలూ విడదీశాడు."

మొమొసె భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడో, నవ్వుతున్నాడో వెనకనుంచి తెలియలేదు. "వాడేడీ?"

చుట్టూ చూసి కుజిరాయి గొంతు తగ్గించాడు. "కాలవ దాటతానని వెళ్ళాడు. మొసలి తినేసిందని చెప్పమన్నాడు, చెప్పాను."

"చీకట్లోనా?"

"చీకటి పడ్డాకే అన్నాడు."

"ఆ రాత్రి పోటు ఎప్పుడు వచ్చింది?"

"తెలీదండీ. పడవలో నిద్రపోయాను."

మొమొసె వెల్లకిలా తిరిగి గుడారం కప్పుకేసి చూశాడు. గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి, ముసలివాడిలా ఉన్నాడు. "ఆ గంజి పట్రా," అన్నాడు. "చల్లారిపోయినా సరే. చెంచా నాకివ్వు, నువ్వు పెట్టకు." ఎడంచేత్తో సగం ఒంపుకుంటూ సగం తిన్నాడు. పాచిపోయిన నీళ్ళలా ఉందని, ఇంగ్లీషువాళ్ళకి బియ్యం వండటం రాదని తిట్టాడు. కుజిరాయి అవునన్నాడు.

యుద్ధం అయ్యాక చాలాకాలానికి ఇద్దరూ ఓడలో జపానులోని ఉజినా రేవు చేరారు. పేలమందు పొడి చల్లించుకుని, ఒసాకాదాకా ఒకే రైల్లో వచ్చారు. ఊళ్ళన్నీ బూడిదలా ఉన్నాయి. హిరుమా ఉండే సందు ఒసాకాకి అట్టే దూరం కాదు. వెళ్ళి అడగాలని ఇద్దరికీ ఉంది. కానీ ఏమని అడగడం? అతడు రాకపోయి ఉంటే, దాటతానన్నాడని చెప్పి ఆ ఇల్లాలికి ఆశ పెట్టడమా? వచ్చి ఉంటే, పట్టుబడ్డవాళ్ళతో అతనికి స్నేహముందని సందంతా చాటడమా?

"నువ్వేమంటావ్?" అన్నాడు మొమొసె.

"మీరేమంటే అదే."

"నాకు అనడానికి ఓపిక లేదురా."

స్టేషన్లో పైకప్పు కాలిపోయి ఉంది. కుజిరాయి ఎక్కాల్సిన రైలు ముందు, మొమొసెది తర్వాత. చిలగడదుంప ఒకటి కొనుక్కుని విరుచుకుని తిన్నారు. మొమొసె ముక్కని కుజిరాయే ఒలిచి ఇచ్చాడు, అతను వద్దనలేదు. కుజిరాయి రైలు చాలా ఆలస్యంగా వచ్చింది. అది వచ్చేలోపే మొమొసె అతని భుజంమీద తలవాల్చి నిద్రపోయాడు. రైలు కూత వేసినా కుజిరాయికి అతన్ని లేపబుద్ధి కాలేదు. తర్వాతి రైలుకి పోవచ్చులే అనుకుని అలాగే కూర్చున్నాడు.